ఆరో ఎపిసోడ్ మీద నేను రాసిన అభిప్రాయం

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ఒక వాట్సాప్ మెసేజి. అప్పుడు నేను నూజివీడు బ్రాంచిలో రుణాల విభాగం మేనేజరుని. మామిడి పిందె కట్టే రోజుల్లో బదిలీ మీద వచ్చాను. రిటైర్మెంటుకు ముందు అదే చివరి పోస్టింగు. తప్పు జరిగేనాటికి బంగినపల్లి కోతలు మొదలయ్యాయి.

ఆ సీజన్లో బ్యాంకు మోసాల మీద ఒక సీరియల్ వారానికో ఎపిసోడ్ చొప్పున వస్తుండేది. ఊరి గ్రూపు ఒకటి ఉంది. అందులో వ్యాపారులు, తోటల రైతులు, లెక్చరర్లు, మా స్టాఫ్ అందరూ సభ్యులే. ఎపిసోడ్ వచ్చిన మర్నాడు అక్కడ అభిప్రాయాలు మొదలయ్యేవి. ఒకరికి హీరోయిన్ నచ్చేది కాదు, ఇంకొకరికి విలన్ వాచీ నచ్చేది. నేను మాత్రం సాంకేతిక లోపాలు పట్టేవాణ్ని. లాకరు తెరవాలంటే బ్యాంకు తాళం ఒక్కటే చాలదనీ, ఖాతాదారు తాళం కూడా తిరగాలనీ ఒకసారి రాశాను. “సార్ చెప్పాక ఇంకేముందండీ” అని ఎవరో నమస్కారం బొమ్మ పెట్టారు. ఆ పూట కాఫీ నాకు కాస్త ఎక్కువ రుచిగా అనిపించింది. సర్వీసంతా కలిపి మా రీజనల్ ఆఫీసు నన్ను మెచ్చుకున్న సందర్భం లేదు. ఆ లోటును ఊరి గ్రూపు తీరుస్తోంది. సీరియల్ చూస్తున్నంతసేపూ పక్కన కాగితం, పెన్ను ఎందుకని మా ఆవిడ అడిగితే, వృత్తిధర్మం అన్నాను.

ఆరో ఎపిసోడ్‌లో ఒక వ్యాపారి గోడౌనులో ముందు వరుస నిండు పెట్టెలు, వాటి వెనక ఖాళీ పెట్టెలు పేర్చి, తనిఖీకి వచ్చిన బ్యాంకు అధికారిని నమ్మిస్తాడు. గ్రూపులో అది ఎవరికీ ఎక్కలేదు. మెడికల్ షాపు రమణ, “మరీ చెవిలో పూలు పెడుతున్నారండీ. ఆ ఆఫీసరు ఒక్క పెట్టె కదిపి చూడడా?” అని రాశాడు. సీరియల్ రాసినవాడు బ్యాంకు మొహం చూసి ఉండడని ఒక లెక్చరరు తేల్చేశారు. అందరూ ఒక మాట అంటున్నప్పుడు వేరే మాట అంటే మనిషి కాస్త ఎత్తుగా కనబడతాడు. నేను ఇలా రాశాను: “జరుగుతాయండీ. ఎవరని చెప్పను గానీ, మొన్న నేను తనిఖీకి వెళ్లిన మామిడి యార్డులోనూ వెనకంతా ఖాళీ క్రేట్లే.”

ఎవరని చెప్పలేదు, నిజమే. కానీ మొన్న నా స్కూటరు ఎవరి యార్డు ముందు ఆగిందో బజారులో అందరికీ తెలుసు.

అది మామిడి వ్యాపారి కోటేశ్వరరావు గారి యార్డు. వ్యాపారికి ఇచ్చే రుణానికి సరుకే హామీ గనుక, సీజన్లో మేం ముందుగా చెప్పకుండా వెళ్లి సరుకు చూసి రిపోర్టు రాస్తాం. నేను వెళ్లింది ఉదయం. రాత్రి దిగిన కాయ ముందుంది, మధ్యాహ్నం కోతకు తోటలకు పంపాల్సిన ఖాళీ క్రేట్లు వెనకున్నాయి. ఆ వేళలో ఏ యార్డులో చూసినా అంతే. సరుకు సక్రమంగా ఉందని రాసి సంతకం పెట్టింది నేనే. మెసేజిలో ఆ ముక్క రాస్తే రక్తి కట్టదని వదిలేశాను. ఖాతాదారు సంగతులు బయట మాట్లాడకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి పాఠం. బ్రాంచిలో కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పే పని కూడా నాదే.

కాయ తెచ్చిన రైతు చేతికి ఆ రోజే డబ్బు రాదు. వ్యాపారి లారీకెత్తి ఢిల్లీ పంపి, అక్కడ అమ్ముడయ్యాక ఇస్తాడు. అప్పటిదాకా నడిపేది నమ్మకం. సోమవారం పొద్దున రెడ్డిగూడెం రైతుల ట్రాక్టర్లు కోటేశ్వరరావు గారి గేటు దాటి పక్క యార్డుల్లోకి తిరిగాయి. ఆయన లారీ సగం ఖాళీగా బయల్దేరింది. మా అసిస్టెంట్ మేనేజరు సునీత వచ్చి ఈ కబురు చెప్పి, “సార్, అది మీ మెసేజి వల్లేనంటున్నారు” అంది.

వెంటనే మెసేజి తొలగించాను. క్షణంలో రమణ, “తీసేశారేంటి సార్? పైనుంచి ఒత్తిడా?” అని అడిగాడు. దాన్ని సరిదిద్దుదామని, కోటేశ్వరరావు గారి మీద నాకు ఎలాంటి అనుమానమూ లేదని ఇంకో మెసేజి పెట్టాను. అప్పటిదాకా పేరు తెలియని చింతలపూడి వైపు రైతులకు కూడా దాంతో తెలిసిపోయింది.

మధ్యాహ్నం కోటేశ్వరరావు గారే బ్యాంకుకు వచ్చారు. కూర్చోమన్నాను.

“కూర్చోడానికి రాలేదండి. నాకు ఏడాదంతా కలిపి ఉన్నది ఈ ఒక్క సీజను. ముందు మీరు ఇంకో మెసేజి పెట్టకండి.”

ఏం చేయమంటారని అడిగాను.

“కాయ తెచ్చేవాళ్ల ముందు నిలబడి చెప్పండి. నా యార్డు గురించి మాట్లాడ్డానికి నాకు అభ్యంతరం లేదని కాగితం రాసిస్తాను. మళ్లీ మీ రూలు అడ్డమని ఆగిపోతారేమో.”

కాగితం తీసుకుని మర్నాడు సెలవు పెట్టి బస్సులో రెడ్డిగూడెం వెళ్లాను. స్కూటరు మీద వెళ్తే మళ్లీ తనిఖీ అనుకుంటారని భయం. అక్కడ సాంబయ్య అనే రైతు ఎటు తోలితే మిగతావాళ్లు అటు తోలతారని విన్నాను. ఆయన తోటలో కాయ ఎత్తిస్తున్నాడు. విషయం చెప్పాను.

“ఆ క్రేట్లు ఖాళీవేనా, కాదా?”

“ఖాళీవే. మధ్యాహ్నం మీ తోటలకే వచ్చాయి.”

“మరి అట్టా ఎందుకు రాశారండీ?”

“తెలిసినవాడిలా కనబడాలని.”

కూలీలు నవ్వారు. సాంబయ్య నవ్వలేదు. “ఆయన లారీ ఖాళీగా పోయింది, మీకు గ్రూపులో దండాలొచ్చినయ్. బేరం బానే ఉంది” అన్నాడు. ట్రాక్టరు వైపు చెయ్యి చూపి, “ఎక్కండి. నేను చెబితే ఎవరూ నమ్మరు. అన్నోళ్లే వచ్చి చెప్పుకోవాలి” అన్నాడు.

క్రేట్ల మీద కూర్చుని తోట తోటకూ తిరిగి నా తెలివితక్కువతనాన్ని వివరించాను. ఒక తోటలో కాపలా ఉన్న పెద్దావిడ, “ఆ సీరియల్ మేం చూళ్లేదు బాబూ, మొదట్నించీ చెప్పు” అంది. ముందు ఆరో ఎపిసోడ్ కథ చెప్పి, ఆ తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. కథ బాగుందంది. క్షమాపణ గురించి ఏమీ అనలేదు.

రెండు మూడు రోజుల్లో ట్రాక్టర్లు కోటేశ్వరరావు గారి యార్డుకు తిరిగి వచ్చాయి, ఒక పెద్ద తోటవి తప్ప. జరిగినదంతా నేనే రీజనల్ ఆఫీసుకు రాసి పంపాను. మందలిస్తూ మెమో ఇచ్చారు. అది నా సర్వీసు రికార్డులో ఉంది, ఉండాలి కూడా. బ్యాంకు అధికారి తన అభిప్రాయమని ఎంత చెప్పినా, వినేవాళ్లకు అది తనిఖీ రిపోర్టే. ఈ సంగతి నాకు ఉద్యోగం చివర్లో గానీ తెలియలేదు.

ఆ సీజను అయ్యేదాకా సెలవు రోజుల్లో ఆ పెద్ద తోట రైతు దగ్గరకు వెళ్లి అదే మాట మళ్లీ చెప్పాను. ఆయన ప్రతిసారీ మంచం వాల్చి కూర్చోబెట్టాడు, రసాలు తినిపించాడు, ఓపిగ్గా విన్నాడు. కాయ మాత్రం పక్క యార్డుకే తోలాడు.