సముద్రం ఒడ్డున పికప్ నిలిపిన శుక్రవారం

ఒక కంపెనీ పికప్‌ను సముద్రానికి దాదాపు దానం చేసిన మనిషిని నేను. ఇందులో నాకు ఎవరి సాయమూ లేదు. మొత్తం నా సొంత తెలివే.

ఖతార్‌కు కొత్తగా వచ్చిన రోజులవి. పత్రిక డెస్కు వదిలి, అల్ ముంతజా అనే పేటలో ఒక ఆఫీసులో చేరాను. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో డ్రైవరుగా పనిచేసే మా ఊరి రాజన్న ఆ శుక్రవారం కంపెనీ బండి తెచ్చాడు. సూపర్‌వైజరును బతిమాలి, గీత కూడా పడనివ్వనని మాటిచ్చి తెచ్చాడు. వెంట హైదరాబాదీ జబ్బార్ భాయ్, ఆయన వండిన బిర్యానీ. బీచికి చేరేసరికి నీళ్ళు ఎక్కడో దూరంగా మెరుస్తున్నాయి. మధ్యలో చదునైన తడి ఇసుక.

ఇంకా ముందుకు పోనివ్వమన్నాను. నీళ్ళు పెరుగుతాయేమోనని రాజన్న గొణిగాడు.

"వాన లేదు, వరద లేదు. ఎట్ల పెరుగుతయ్ రాజన్నా?"

చెరువు పక్కన పెరిగిన జ్ఞానం అది. మా కరీంనగర్ వైపు నీళ్ళు పొద్దున ఎక్కడుంటే సాయంత్రమూ అక్కడే ఉంటాయి. సముద్రానికి రోజూ వచ్చిపోయే డ్యూటీ ఉందని నాకు తట్టలేదు. ఆటుపోట్లు అన్న మాటను వార్తల్లో ఎన్నోసార్లు దిద్దాను గానీ, అవి నిజంగా జరుగుతాయనుకోలేదు.

నీళ్ళ అంచు దగ్గర బండి ఆపి బిర్యానీ తిన్నాం, జబ్బార్ భాయ్ పీతల కోసం ఒడ్డు వెంట వెళ్ళాడు, మేమిద్దరం కునుకు తీశాం. లేచేసరికి పికప్ చక్రాలు ఇసుకలో దిగిపోయి ఉన్నాయి. నీళ్ళు వాటిని తాకుతున్నాయి.

"బండికేమన్నా అయితే నా కొలువు పోతదన్నా," అన్నాడు రాజన్న. కాస్త దూరంలో ఒక ఖతరీ పెద్దాయన గుడారం, పక్కన పెద్ద ల్యాండ్ క్రూజర్ ఉన్నాయి. "నువ్వు పేపరోనివి, మాట్లాడెటోనివి. నువ్వే పోయి అడుగు. గాయనకు కోపం రానియ్యకు."

పరుగెత్తాను. నోరు తెరిచేలోపే పెద్దాయన కూర్చోబెట్టి, ఖర్జూరం పెట్టి, చెవి లేని బుల్లి కప్పులో ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోశాడు. నాకొచ్చిన రెండు అరబ్బీ ముక్కలతో బండి వైపు చూపించాను. చూశాడు. తల ఊపి, కప్పు వైపు చూపించాడు. తాగితే లేస్తాడన్నమాట. గటుక్కున తాగాను. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాను. మా ఇళ్ళల్లో అతిథి గ్లాసులో మిగిల్చితే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. అందుకే చుక్క మిగల్చలేదు. నేను ఎంత తొందరగా ఖాళీ చేస్తే ఆయన అంత తొందరగా నింపుతున్నాడు, స్విచ్చు ఎక్కడుందో తెలియని బోరు మోటారులా. అక్కడ రాజన్న కుక్క గుంత తవ్వినట్టు చక్రాల కింద ఇసుక తోడుతున్నాడు. నంబరు ప్లేటు కనిపించడం మానేసింది. పెద్దాయన రెండో కూజా తెప్పించాడు.

అప్పుడొచ్చాడు జబ్బార్ భాయ్.

"ఏం చేస్తున్నవ్ మియా? అక్కడ బండి మునుగుతాంది."

"ఆయన పోస్తనే ఉన్నడు భాయ్. ఆపుతలేడు."

జబ్బార్ నా చేతిలోని కప్పు లాక్కుని, అటూ ఇటూ రెండుసార్లు ఊపి పెద్దాయనకిచ్చాడు. ఇక చాలు అనడానికి అక్కడ అదే పద్ధతట. పెద్దాయన ఆ క్షణమే లేచాడు. కాసేపట్లో తన ల్యాండ్ క్రూజర్‌కు తాడు కట్టి పికప్‌ను ఒడ్డుకు లాగేశాడు. ఇంజను దగ్గింది, తుమ్మింది, చివరికి పలికింది. రాజన్న స్టీరింగుకు దండం పెట్టాడు.

పెద్దాయన జబ్బార్‌తో అరబ్బీలో ఏదో చాలాసేపు మాట్లాడాడు. కేసు పెడతాడేమోనని రాజన్న వెనక్కి జరిగాను.

"నువ్వొచ్చినప్పుడే బండిని చూసిండట," అన్నాడు జబ్బార్ నవ్వాపుకుంటూ. "తన బండి తాళం చేతిలనే పట్టుకుని కూసున్నడట. కానీ తాగుతున్న మెహమాన్‌ను లేపుడు వాళ్ళల్ల తప్పు. ఇంత దాహంతో ఉన్నడు, ఏ ఎడారి నుంచి వచ్చిండని అడుగుతుండు."

ఎడారివాడు నన్ను అడిగిన ప్రశ్న అది.

కనుక పాఠకులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంతకాలం ఎవరి బండినీ, ఏ సముద్రం దగ్గరికీ, ఇంకా ముందుకు పోనివ్వమనను. రాజన్న కూడా అదే రోజు ఒట్టు పెట్టుకున్నాడు. కాకపోతే ఆయన ఒట్టులో సముద్రం లేదు, నేనొక్కణ్ణే ఉన్నాను.