వెనక సీటు కింద మసి

2021 చలికాలం. ఇనుప గనుల ఊరు బచేలీలో బళ్లు బాగుచేసే నా షెడ్డు. ఇనుప ఖనిజం మోసే టిప్పర్లే మాకు తిండి పెడతాయి. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి షెడ్డు పెట్టినందుకు మా బంధువులు నన్ను ఇప్పటికీ ‘ఉద్యోగం వెతుక్కుంటున్నాడు’ అనే పరిచయం చేస్తారు.

గనిలో షావెల్, అంటే ఖనిజం తవ్వి పోసే యంత్రం, నడిపి రిటైరైన అప్పారావుగారు ఓ రోజు తన పాత అంబాసిడర్‌ను ట్రాక్టరుకు కట్టి తెచ్చారు. ఇంజన్ పట్టేసింది. ఆయన భార్య సరస్వతమ్మగారికి వారానికి రెండుసార్లు జగదల్‌పూర్‌లో డయాలసిస్. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. కాళ్లు చాపుకొని పడుకోవడానికి ఆవిడకు ఆ వెనక సీటే కావాలి.

“ఏటి బాబూ, ఇది బతుకుతాదా?”

“ఇంజన్ మార్చాలండి.”

యాక్సిడెంటైన మరో కారు పెట్రోల్ ఇంజన్ దొరికింది. పేచీ అంతా స్టాక్ మఫ్లర్‌తో వచ్చింది. అంటే ఆ ఇంజన్‌తోపాటు కంపెనీ ఇచ్చిన సైలెన్సర్ డబ్బా. అంబాసిడర్ కింద ఉన్న చోటుకంటే అది జానెడు పొడుగు. ఫ్లాంజ్, అంటే పైపుల్ని కలిపే బోల్టుల పట్టీని, కోసి వేరేది వెల్డింగ్ చేస్తే డబ్బా కుదిరింది. ఇక టెయిల్‌పైపు, పొగను వదిలే చివరి గొట్టం. అది వెనక ఇరుసు మీదుగా వంపు తిరిగి డిక్కీ కిందికి వెళ్లాలి. వంపు వేసే మిషన్ మా ఊళ్లో లేదు. జగదల్‌పూర్ పంపితే వారం. ఈలోగా రెండు డయాలసిస్‌లు. అందుకని టిప్పర్లకు చేసినట్టే ఇరుసుకు ముందే గొట్టం ఆపి నేలవైపు తిప్పాను. ఇక్కడ అందరం అంతే చేస్తాం.

బండి తీసుకెళ్లడానికి దంపతులిద్దరూ వచ్చారు. సరస్వతమ్మగారు సీటు తడిమి చూసి అన్నారు: “దీనికి ఇంజన్ మార్పించారు. నా కిడ్నీకొచ్చేసరికి పార్టు దొరకలేదట.”

“నీది మరీ పాత మోడలే,” అన్నారు అప్పారావుగారు.

నెల తర్వాత ఆయన ప్రత్యేకంగా మెచ్చుకోవడానికి వచ్చారు. “మా ఆవిడ దారంతా మూలిగేది బాబూ. ఇప్పుడు దారిలో గీదం ఊరు దాటకుండానే నిద్దరోతాది. లేపినా లేవదు. అంత మెత్తగుంది బండి.”

నేను పొంగిపోయాను. ఇంటికెళ్లాక తలనొప్పి, వాంతులు అంటోందని కూడా చెప్పారు. డయాలసిస్ వాళ్లకు మామూలేనని ఆస్పత్రిలో అన్నారట. మా దారిలో ఎర్రదుమ్ముకు అందరూ అద్దాలు బిగించుకునే వెళతారు. ఆయన మాత్రం చుట్ట కోసం తన పక్క అద్దం కాస్త దించుకునేవారు.

జనవరిలో ఒక తిరుగు ప్రయాణంలో ఆవిడ లేవలేదు. కిడ్నీ జబ్బుతో గుండె ఆగిందని ఆస్పత్రివాళ్లు రాశారు.

కర్మకాండలయ్యాక కారు అమ్మిపెట్టమని నాకే అప్పగించారు. కడగడానికి వెనక సీటు ఎత్తాను. పాత చాప కింద రేకుకు తుప్పుపట్టి బెజ్జాలు పడ్డాయి. వాటి చుట్టూ మసి. సరిగ్గా కింద, నేను తిప్పిన గొట్టం మూతి. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పీలిస్తే నిద్ర వస్తుంది. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. టిప్పర్ వెనక ఉండేది ఖనిజం, దానికి ఊపిరి అక్కర్లేదన్నది మాత్రం తోచలేదు.

జబ్బే తీసుకెళ్లిందో, గొట్టమో, ఖాయంగా చెప్పలేను. ఆ అనుమానం చాటున మూడు రోజులు దాక్కున్నాను. నాలుగో రోజు వెళ్లి ఉన్నదంతా చెప్పాను.

ఆయన అన్నారు: “ఇన్నాళ్లూ జబ్బు తీసుకెళ్లిందనుకున్నాను. ఇకనించి నేనే తోలుకెళ్లాననుకోవాలి.”

“తప్పు నాదండి.”

“నీదే. కానీ స్టీరింగు నా చేతిలో ఉంది కదా.” మళ్లీ ఆయనే అన్నారు: “ముందు ఆ గొట్టం సరిచెయ్యి. కొన్నోడికీ పెళ్లాముంటాది.”

రేకు కొత్తది వేశాను. గొట్టాన్ని వంపు తిప్పించి డిక్కీ దాటించాను. కార్బన్ మోనాక్సైడ్ కొలిచే మీటరు కొన్నాను. ఇప్పుడు ఏ కారు సైలెన్సర్ ముట్టుకున్నా, అద్దాలు బిగించి, ఇంజన్ నడిపి, వెనక సీట్లో మీటరు పెట్టి చూశాకే తాళాలిస్తాను. బండి బాగుందని డ్రైవర్ చెప్పేది సగం మాటేనని నేర్చుకున్నాను. రెండో సగం వెనక కూర్చున్నవాళ్లను అడగాలి, వాళ్లు మెలకువగా ఉండగానే.

అప్పారావుగారు బజారులో ఎదురైతే నమస్కారం పెడతారు. నేనే ముందు పెట్టాలని ప్రతిసారీ అనుకుంటాను. ఇంతవరకూ ఒక్కసారీ చేతులు లేవలేదు.