మెర్సీకి చెప్పని రంగు

ఏడేళ్లుగా మోస్తున్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. చెప్పబోయిన ప్రతిసారీ, ఇంత చిన్న సంగతికి ఇంత బాధా అని నవ్వుతారేమో అనిపించి ఆగిపోయాను. నిజంగా చిన్నదే అయితే ఇంత బరువెందుకుంది? మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోంది.

మేం ఉండేది ఆక్లండ్‌కు దక్షిణాన ఉన్న హామిల్టన్‌లో. చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగాలు దొరికి, ఊరి చివర రోటోటూనా అనే పేటలో ఇల్లు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయాం. పాలు పితికే యంత్రాలు బాగుచేసే ఒక కంపెనీ ఆఫీసులో నా పని. మెషిన్ ఆగిపోయిందని రైతు ఫోన్ చేస్తే ఎత్తేది నేనే, మెకానిక్‌ను పంపేది నేనే. కొందరు రైతులు నా గొంతును బట్టే నన్ను గుర్తుపడతారు. కాలిన్ అలాంటివాడు. డెబ్బై దాటిన మనిషి. మెషిన్ సంగతి చెప్పి ఊరుకోడు, వానల గురించి, భార్య జాయిస్ మోకాలి నొప్పి గురించి కూడా చెప్పేవాడు.

మెర్సీ మా ఆఫీసులో చేరినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఖమ్మం అమ్మాయి. మాది వరంగల్. మొదటి రోజే అక్కా అని పిలిచింది. ఫ్లాట్ దొరికేదాకా రెండు నెలలు మా ఇంట్లోనే ఉంది. నా కెమెరా చూసి తనకూ సరదా పుట్టి, జనం వదిలేసిన పాత సామాన్లు అమ్మే ఆప్ షాపులో ఒక ఫిల్ము కెమెరా కొనుక్కొచ్చింది. అందులో రోలు ఎక్కించడం నేర్పింది నేనే. డిగ్రీ చదివే రోజుల్లో వరంగల్‌లో ఒక కలర్ ల్యాబులో రెండేళ్లు పనిచేశాను. ఫిల్ము ఏ వెలుగులో ఎలా ప్రవర్తిస్తుందో నాకు బాగా తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి. తెలియక చేశానని నేను చెప్పుకోలేను.

నేర్పినంతకాలం బాగానే ఉంది. ఆరు నెలలు తిరక్కుండానే ఆమె తీసిన ఫోటోలు నావాటిని దాటిపోయాయి. వానలో బస్ స్టాప్, ఇక్కడ డెయిరీ అని పిలిచే వీధి చివరి కొట్టు ముందు ఐస్‌క్రీమ్ తింటున్న ముసలాయన. అవే చోట్లు, నేను రోజూ కార్లో వెళ్తూ చూసేవే. నాకెందుకు కనిపించలేదు? లైబ్రరీలో స్థానికుల ఫోటోలు పెడతామంటే ఇద్దరం ఇచ్చాం. ఆమెది పెట్టారు. నాది తిప్పి పంపారు. కేకు తెచ్చి ఆఫీసులో అందరికీ పంచింది నేనే, నవ్వుతూనే. ఆ సాయంత్రం మా ఆయన ఆ బస్ స్టాప్ ఫోటోను తన ఫోన్ తెరకు పెట్టుకున్నాడు. పదేళ్లుగా నేను తీసిన వాటిలో ఒక్కటీ ఆ ఫోన్ మీదికి ఎక్కలేదు. ఆయన ఏమీ ఆలోచించకుండా చేసిన పని అది. ఆలోచించకుండా చేశాడు కాబట్టే నాకంత మంటగా ఉంది.

ఆ తర్వాత ఏప్రిల్‌లో కాలిన్ ఫోన్ చేశాడు. వయసు మీద పడింది, మందను అమ్మేస్తున్నాం, మే ఆఖరుతో పాలు పితకడం ఆపేస్తున్నాం అని చెప్పాడు. నలభై ఏళ్ల పని. చివరి రోజు నేనూ జాయిసూ షెడ్డులో ఉన్న ఫోటోలు కావాలి అన్నాడు. నేను తీస్తానని అనబోయాను. అంతలో ఆయనే అడిగాడు, లైబ్రరీలో బస్ స్టాప్ ఫోటో తీసిన అమ్మాయి మీ ఆఫీసులోనే పనిచేస్తుందట కదా, ఆమె వస్తుందా అని.

వస్తుందని చెప్పాను. గొంతులో తేడా రాకుండా చెప్పాను.

మెర్సీకి నా మీద ఎంత నమ్మకమంటే, ఏ ఫిల్ము తెప్పించాలో నన్నే తేల్చమంది. నా డిజిటల్ కెమెరాలో ఫిల్ము మోడ్‌లున్నాయి. ఒకే దృశ్యం, కడగగానే నేరుగా బొమ్మగా మిగిలే స్లైడ్ ఫిల్ము మీద ఎలా వస్తుందో, ప్రింటు వేయవలసిన నెగెటివ్ ఫిల్ము మీద ఎలా వస్తుందో రంగులు మార్చి చూపిస్తుంది. అక్కడికి వెళ్లి ముందు నీ కెమెరాతో తీసి చూద్దాం, ఏది బాగుంటే ఆ ఫిల్ము ఆక్లండ్ నుంచి తెప్పిస్తాను అంది. మంచి ఆలోచన. నాకు రాని ఆలోచన.

చివరి రోజుకు రెండు వారాల ముందు, సాయంత్రం పాలు పితికే వేళకు వెళ్లాం. ఎండ లేదు. షెడ్డు నిండా పాత ట్యూబులైట్లు. మెర్సీ అటూ ఇటూ తిరిగి, ఆవుల వరుసల మధ్య, పాలు పితికేవాళ్లు నిలబడే పల్లంలోకి నన్ను దింపి, ఇక్కడ నిలబడు అక్కా, అంకుల్ మొఖం, ఆంటీ చేతులు రెండూ వస్తయి అంది. అక్కడే నిలబడ్డాను. నొక్కాను.

ఇప్పుడు అసలు సంగతి.

డిజిటల్ కెమెరా ట్యూబులైటు వెలుగులో ఉన్న ఆకుపచ్చను దానంతట అదే సరిదిద్దేస్తుంది. మన కంటికీ అది కనిపించదు. ఫిల్ముకు అలా సరిదిద్దడం రాదు. అది పగటి వెలుతురు కోసం తయారైంది. నెగెటివ్ అయితే ప్రింటు వేసేటప్పుడు ల్యాబులో ఆ రంగు చాలావరకు లాగేయవచ్చు, అది నేను చేసిన పనే. స్లైడ్‌లో ఏది పడితే అదే మిగులుతుంది. మెర్సీ జాయిస్‌తో మాట్లాడుతుండగా నేను కెమెరాలో ఆ సరిదిద్దడాన్ని ఆపి, పగటి వెలుతురుకు తిప్పి, స్లైడ్ మోడ్‌లో ఒక ఫోటో తీశాను. తెర మీద కాలిన్ మొహం పాచి పట్టిన గోడలా వచ్చింది. చూశాను. బొటనవేలితో ఆ ఫోటో చెరిపేశాను. సెట్టింగు మళ్లీ ఎప్పటిలా పెట్టాను. స్లైడ్ మోడ్‌లో ఒకటి, నెగెటివ్ మోడ్‌లో ఒకటి తీసి ఆమెను పిలిచాను.

"రెండిట్ల ఏది మంచిగుందక్కా? నాకైతే ఈ మెత్తటి రంగులు నచ్చినయి," అంది, నెగెటివ్ మోడ్‌లో తీసినదాన్ని చూపిస్తూ.

"స్లైడే బాగుంది. చూడు, ఎరుపు ఎంత నిండుగా ఉందో. ఆవుల మీద మెరుపు చూడు."

"ఈ లైట్ల కింద ఏం కాదా మరి?"

"కెమెరాలో చూస్తున్నావు కదా."

"నువ్వంటే ఇంకేంది. అదే తెప్పిస్త," అంది.

అంతే. అబద్ధమాడానా? కెమెరాలో చూస్తున్నావు కదా అన్నాను, అది నిజమే. ఆ వాక్యాన్ని ఏడేళ్లుగా అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాను, దానిలో ఎక్కడైనా ఒక సందు దొరికితే అందులోంచి బయటపడదామని. దొరకలేదు. ఆమె అడిగింది. సరిగ్గా అడగవలసిన ప్రశ్నే అడిగింది.

చివరి రోజున నేను వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. నా ట్రైపాడ్ మాత్రం ఇచ్చి పంపాను. మర్నాడు మెర్సీ ఆఫీసుకు వచ్చి, ఆఖరి ఆవు వెళ్లిపోయాక కాలిన్ యంత్రం స్విచ్ ఆపి చాలాసేపు ఆ స్విచ్ మీద నుంచి చెయ్యి తీయలేదని, జాయిస్ వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి వేసిందని, అది తీశానని చెప్పింది. చెప్తూ కళ్లు తుడుచుకుంది. అప్పటికైనా చెప్పవచ్చు. ఫిల్ము ఇంకా కడగలేదు, కడిగేవాళ్లతో మాట్లాడితే ఏదైనా దారి ఉందేమో అడగవచ్చు. నేను టీ పెట్టుకోవడానికి లేచి వెళ్లాను.

మూడు వారాలకు కడిగిన స్లైడ్ల డబ్బా వచ్చింది. మెర్సీ కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క స్లైడూ వెలుగుకు పట్టుకుంది. మొదటిదాన్ని తిప్పి మళ్లీ చూసింది. ఐదో దానికి కూర్చుంది. మనుషులు, ఆవులు, నేల, అన్నీ ఆకుపచ్చ నీళ్లలో మునిగినట్టున్నాయి. స్విచ్ మీద ఆ రెండు చేతులూ అంతే.

నేనే ఏదో తప్పు చేసిన అక్కా, అంది. ఆ మాటే నాలుగైదు సార్లు అంది. భుజం మీద చెయ్యి వేశాను. ఒక్కోసారి అలా అవుతుందిలే అన్నాను.

ఇంకొకటుంది. దీన్ని కూడా చెప్పేస్తే గానీ పూర్తి కాదు. ఆ స్లైడ్లను స్కాన్ చేసి నలుపు తెలుపులోకి మారిస్తే రంగు గొడవే ఉండదు. ఆ చేతుల ఫోటో బతికేది. బహుశా గొప్పగా ఉండేది. ఆ ఉపాయం నా నోటి దాకా వచ్చింది. మింగేశాను. మొదటిసారి అసూయ తొందరలో చేశానని అనుకున్నా, ఈ రెండోసారికి ఏం చెప్పను? ఆమె నా ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది.

కాలిన్‌కు ఇవ్వడానికి వేరే ఏమీ లేవు. పరీక్ష కోసం నువ్వు తీసినవి ఉన్నాయి కదక్కా, అవి ఇద్దాం అంది మెర్సీయే. ఇచ్చాను. పల్లంలోంచి తీసినదాన్ని జాయిస్ పెద్దగా ప్రింటు వేయించి, వాళ్లు మారిన చిన్న ఇంట్లో గోడకు పెట్టుకుంది. మా ఇద్దరినీ టీకి పిలిచింది. ఎంత బాగా తీశావు అని నన్ను కావిలించుకుంది. మా అక్క చేతిలో పడింది కాబట్టి నయమైంది అంది మెర్సీ, ఇంగ్లీషులో, ఎంతో సంతోషంగా. ఆ ఫోటో ఎక్కడ నిలబడి తీయాలో చూపించింది ఆమె. ఆ చూపు ఆమెది. నొక్కింది మాత్రమే నేను. అయినా థాంక్యూ అన్నాను. మరుసటి ఏడు మా కంపెనీ క్యాలెండర్ మీద ఆ ఫోటో, దాని కింద నా పేరు.

మెర్సీ మళ్లీ ఫోటోలు తీయలేదు. కొన్నాళ్లు కెమెరా బ్యాగులో పెట్టుకుని తిరిగింది, తర్వాత అదీ మానేసింది. పెళ్లి చేసుకుని టౌరంగా అనే ఊరికి వెళ్లిపోయింది. కివీపండ్లు ప్యాక్ చేసే చోట ఆఫీసు పని. పోయిన ఎండాకాలం బీచ్ దగ్గర కనిపించింది. తన కూతుర్ని చూపించి, పెద్దమ్మకు నమస్తే చెప్పు అంది. పాప హాయ్ అంది. ఫోటోలు తీస్తున్నావా అక్కా అని అడిగింది. లేదన్నాను. ఎందుకని అడిగింది. టైం దొరకడం లేదన్నాను. నువ్వు మానొద్దక్కా, నీ చెయ్యి మంచిది అంది.

ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఆమెకు ఇప్పుడేం ఒరుగుతుంది, నా బరువు దింపుకోవడానికే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇందులో ఎంత నిజం, ఎంత పిరికితనం? నాకే తెలియదు. ఆమె క్షమిస్తుందని నాకు భయం. క్షమించదని కూడా భయం.

అందుకే ఇక్కడ, మీ ముందు, తిప్పి మళ్లించకుండా ఒక్కసారి చెప్పేస్తాను. మెర్సీ ఏ తప్పూ చేయలేదు. ఆమె నాకంటే బాగా తీస్తుంది, అది నేను ఓర్వలేకపోయాను. తెలిసే ఆ ఫిల్ము కొనిపించాను.

రాశాను. ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.