హనుమక్క చేయి, ఏడు పెయింటు బకెట్లు

బీట్‌రూట్ విత్తనాన్ని మొదటిసారి అరచేతిలో వేసుకున్నప్పుడు హనుమక్కకు నవ్వొచ్చింది. మట్టిరంగులో, గరుకుగా, ఎండి ముడుచుకుపోయిన గొర్రె పిక్కలా ఉంది. వేరుశనగ, కంది, జొన్న, కొర్ర, అలసంద అన్నీ ఆమె చేయి ఎరిగినవే. నలభై ఏళ్లొచ్చినా ఇట్లాంటి గింజను మాత్రం చూడలేదు.

"ఇది గింజేనా రూతమ్మా, లేక నాతో ఆటలాడతాండావా?" అని అడిగింది.

"గింజే అక్కా. మా బడితోటలో ఏయగా మిగిలింది. నీకు పొద్దు పోవడం లేదంటివి కదా" అంది రూతు.

రూతు బడిలో పంతులమ్మ. అనంతపురంలో కొత్తగా కట్టిన ఆ ఇంట్లో పై అంతస్తులో అద్దెకుంటుంది. ఆ ఇంటికి వాచ్‌మన్ హనుమక్క మొగుడు ఆంజినప్ప. మెట్ల కింద గది వీళ్లది. కంబదూరు దగ్గర ఆరెకరాల మెట్ట వదిలేసి, 2003 చివర్లో ఇక్కడికొచ్చి పడ్డారు. పొద్దు పోవడం లేదని హనుమక్క అన్నమాట నిజమే, కానీ అది సగం నిజం. మిగతా సగం ఆమె ఎవరికీ చెప్పదు.

ఆ సగం ఇది. ఊళ్లో తొలి వాన పడగానే నాగలి వెనక మొదటి పిడికెడు గింజలు వేయడానికి అందరూ హనుమక్కనే పిలిచేవాళ్లు. ఆమె చేయి మంచిదని పేరు. పన్నెండేళ్లు, ఎవరి చేనైనా సరే, మొదటి సాలు ఆమెదే. తరవాత వరసగా రెండేళ్లు కాయ ఊరే వేళకు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు ఎవరూ పిలవలేదు. సరే పోనీ అనుకుంది. కానీ సొంత చేలోనే ఆంజినప్ప గింజల బుట్ట తెచ్చి, ఆమె చేతికివ్వకుండా తోడికోడలు మారెక్క చేతికిచ్చాడు. ఒక్క మాటైనా అనలేదు. ఆ ఏడూ ఎండిపోయింది. అయినా హనుమక్క మనసులో మాత్రం ఎండింది తన చేయే. అప్పట్నుంచి కూరలో ఉప్పు వేయడానికి కూడా కుడిచేయి వెనకాడేది.

ఇల్లు కట్టినవాళ్లు వదిలేసిన పెయింటు బకెట్లు మిద్దెమీద ఏడున్నాయి. ఇనుప చువ్వ కాల్చి వాటి అడుగున బెజ్జాలు పెట్టింది. మట్టి మాత్రం తమ చేనిదే కావాలంది. ఆంజినప్ప నెత్తి కొట్టుకున్నాడు.

"ఈడ మట్టి లేదామే? రాయదుర్గం పోయే దోవంతా మట్టే గదా."

"ఉండాది. అది నన్నెరగదు" అంది హనుమక్క.

ఆమెతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. రెండు మూటల ఎర్రమట్టి బస్సు టాపు మీద ఊరేగి వచ్చింది. అందులో గొర్రె ఎరువు కలిపి, బకెట్‌కు పది గింజల చొప్పున నాటింది. మొలిస్తే, కాస్తే, తన చేయి బాగున్నట్టు. లేదంటే ఊళ్లో వాళ్లది నిజమే. ఈ పందెం తనతో తాను కాసుకుంది.

ఏడోరోజు పొద్దున మిద్దెక్కి చూసి అట్లే కూర్చుండిపోయింది. మొలకలు ఎర్ర కాడలతో నిలబడి ఉన్నాయి. పది గింజలు వేసిన చోట ఇరవై, ఇరవై అయిదు. తప్పు లెక్కపెట్టానేమోనని మట్టి పక్కకు తీసి చూసింది. ఒక్క గింజ నుంచే మూడు. ఇన్నేళ్ల సేద్యంలో ఒక గింజకు మూడు మొలకలు ఆమె చూడలేదు. కళ్లు చెమర్చాయి. రూతు వాళ్ల తలుపు కొట్టి మరీ ఆమెను పిలుచుకొచ్చింది.

"రెండు మూడు గింజలు కలిసి ఒక ఉండగా ఉంటాయక్కా, దాని తీరే అంత. ఒత్తుగా ఉంటే గడ్డ ఊరదు. చోటుకొకటి ఉంచి మిగతావి పీకెయ్" అంది రూతు.

హనుమక్క మొహం మాడిపోయింది. "మొలిచినదాన్ని పీకేదా? మా ఊళ్లో ఒక్క మొక్క వాడిపోతాంటే చెంబుతో నీళ్లు మోసినాము తల్లీ. నా చేత్తో పీకను" అని ఖరాకండిగా చెప్పేసింది.

పాపం, చదువుకున్నది కదా, రూతుకు మొలక విలువ ఏం తెలుసని కూడా అనుకుంది.

రూతు మాట హనుమక్క వినలేదు గానీ, రూతు పెంచే కోడిపెట్ట మాత్రం తన పని చేసింది. ఒకరోజు హనుమక్క కిందికెళ్లి కుళాయి నీళ్లు పట్టుకొచ్చేలోగా అది నాలుగో బకెట్‌లోకి ఎక్కి గీరి పారేసింది. మూడంటే మూడు మొక్కలు మిగిలాయి. హనుమక్క కోడిని తిట్టింది, కోడిని పెంచినవాళ్లను తిట్టబోయి నాలిక కరుచుకుంది. ఆ బకెట్ దండగే అనుకుంటూనే, బియ్యం కడిగిన నీళ్లు దానికీ పోసింది.

ఇక అక్కణ్ణుంచి ఆమెకు ఒకటే ఆరాటం, లోపల ఏం జరుగుతోందని. వేరుశనగైతే పసుప్పచ్చ పూత వస్తుంది, పూతనుంచి ఊడలు దిగుతాయి, ఊడలు భూమిలో కాయలవుతాయి. ఆ లెక్క ఆమెకు తెలుసు. ఇది పూయనే పూయదు. రోజూ ఆకులు విడదీసి పూత కోసం వెతికేది. పూయకుండా ఊరేదెట్లా? ఆకు పెద్దదవుతోంది, కాడ ఎర్రబడుతోంది. భూమి మాత్రం నోరు విప్పదు.

రెండు నెలలు దాటాక ఓపిక చాలక మొదటి బకెట్‌లో ఒక మొక్క పీకింది. ఎలుక తోకలాంటి ఎర్ర వేరు వచ్చింది. ఇంకోటి పీకింది, అదీ అంతే. రెండో బకెట్, మూడోది. అన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకున్న తోకలు. నాలుగోదాన్ని దాటేసి అయిదు, ఆరు, ఏడు చూసింది. తెలిసిపోయింది అనుకుంది. ఊరు అన్నది నిజమే. వేళ్లన్నీ కొంగులో వేసుకుని లేచింది.

లేచేటప్పుడు కాలు తగిలి నాలుగో బకెట్ పక్కకు ఒరిగింది. మట్టి జారింది. లోపల్నుంచి ఎర్రటి భుజం ఒకటి బయటికి కనిపించింది.

కూర్చుని వేళ్లతో తవ్వింది. పిడికిలంత గడ్డ. దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. మూడు. కొంగులోని తోకలను చూసింది, గడ్డలను చూసింది. మళ్లీ తోకలను చూసింది. ఒకే మట్టి, ఒకే నీళ్లు, వేసిన దినం ఒకటే. వేసిన చేయీ ఒకటే.

చాలాసేపటికి ఆంజినప్ప వెతుక్కుంటూ మిద్దెక్కాడు. ఆమె ఒక చేతిలో తోకలు, ఒక చేతిలో గడ్డ పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇవీ నేనే ఏసినా, ఇదీ నేనే ఏసినా. చోటు లేనిచోట ఊరలేదు, చోటున్నచోట ఊరింది. వాన లేని ఏడు పండలేదు. నా చేయి ఏం చేసిందప్పా?" అంది.

ఆంజినప్ప ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మారెక్క చేతికి బుట్ట ఇచ్చిన రోజు ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ రోజు ఆమెను చూడలేక తల తిప్పుకున్నవాడు, ఇప్పుడు చూశాడు.

"నాదే తప్పు. ఊరోళ్లతో మాట పడతాననే భయంతో నీకు బుట్ట ఇయ్యలేదు" అన్నాడు.

ఆ మాట కోసం ఎన్ని నెలలు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. అయినా వెంటనే కరిగిపోయే మనిషి కాదు. రూతు ఇచ్చిన పొట్లంలో మిగిలిన గింజలు తెచ్చి అతని అరచేతిలో పోసింది.

"ఈసారి నువ్వెయ్."

"నా చేతికి అలవాటు లేదు గదమే."

"ఏసేది ఎవురైనా ఏస్తారు" అంది హనుమక్క, కొంగులోని తోకలు పప్పులోకని పక్కన పెడుతూ. "మొలిచినాక పీకేది నేను పీకుతా."