ముక్కు రంధ్రాలు లేని పక్షి

మా జువాలజీ మేడమ్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బెంజ్ సర్కిల్ దగ్గరున్న నా మందుల షాపులో ఇన్‌హేలర్ల పెట్టె విప్పుతున్నాను. చేసింది ఆవిడ కూతురు. తెల్లవారుజామున అమ్మకి ఆయాసం ఎక్కువైందనీ, ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందనీ చెప్పింది. వస్తున్నానమ్మా అన్నాను. ఆ పెట్టెలో సగం మేడమ్ కోసం తెప్పించినవే. వాటిని అరలో సర్దడానికి మనసొప్పలేదు. పెట్టె మూసి బల్ల కిందకి తోసి, షాపుకి తాళం వేశాను.

డిగ్రీలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళం విజయవాడ నిండా ఉన్నాం. చాక్‌పీసు పొడి పడక, మగవాళ్ళు వాడే పెద్ద తెల్ల కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని పాఠం చెప్పేవారు. ప్రాక్టికల్సులో సీసా చూడగానే లోపలున్న జీవి పేరు టకీమని చెప్పేసేవాళ్ళంటే ఆవిడకి ఒళ్ళుమంట. "పేరు తర్వాత చెబుదువుగాని, ముందు ఏం కనిపిస్తోందో చెప్పవయ్యా" అనేవారు. తెలియదని రాసినవాడికి సున్నా వేయడానికి ఆవిడకి చేతులు వచ్చేవి కావు. తప్పు పేరు రాసినవాడికి మాత్రం సున్నా నిండుగా, గుండ్రంగా వేసేవారు. నాకు అలాంటివి చాలానే వచ్చాయి.

రెండు రోజులుగా మా పాత విద్యార్థుల గ్రూపులో అందరూ ఆవిడ గొప్పతనం గురించి రాస్తున్నారు. అన్నీ నిజాలే. నాకు మాత్రం కిందటేడు ఆవిడ ఒక తప్పు చేసిన రోజే కళ్ళముందు తిరుగుతోంది. ఆ తప్పు దగ్గర ఆవిడ నిలబడిన తీరు చూశాకే, ఇన్నేళ్ళూ ఎవరి దగ్గర చదువుకున్నానో నాకు అర్థమైంది.

వాయుగుండం తీరం దాటిన మర్నాడు అది. గాలివాన తర్వాత సముద్రం ఏమేం ఒడ్డున పడేస్తుందో చూడాలని మేడమ్‌కి సరదా. హంసలదీవి తీసుకెళ్ళవయ్యా అని పొద్దున్నే ఫోన్ చేశారు. కూచిపూడి దాటేదాకా చేలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. దారిలో రెండుసార్లు ఇన్‌హేలర్ పీల్చుకున్నారు. వెనక్కి వెళ్ళిపోదామా అంటే వినిపించనట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

బీచిలో టీ బడ్డీ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఇసుక మీద ఒక పెద్ద తెల్ల పక్షి. రెక్క మొదట్లో వలదారం చుట్టుకుని చర్మంలోకి దిగిపోయింది, ఈకలకి నెత్తురు అంటింది. దాని నెత్తిన అప్పటికే ఎవరో కుంకుమ పెట్టారు. కాకి వచ్చి ఇక్కడి సంగమంలో మునిగి హంసగా తేలిందని ఆ ఊరి స్థలపురాణం. అలాంటి చోట గాలివాన మర్నాడు తెల్ల పక్షి దిగితే అది హంస కాక ఇంకేమవుతుంది? ఆ ఊరి పెద్దావిడ ఒకామె పాలప్యాకెట్టు చింపి, నీళ్ళు కలిపి, గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఇంకెవరో దాని మెడ పట్టుకుని నోరు తెరవబోతున్నారు.

మేడమ్ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. వెళ్ళి ఆ పెద్దావిడ పక్కనే ఇసుకలో కూలబడ్డారు.

"అమ్మా, హంసే అనుకుందాం. హంసకైనా గొంతులో పాలు పోస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. గిన్నెలో పోసి ముందు పెట్టండి. తాగాలనుంటే అదే తాగుతుంది."

పెద్దావిడ కాసేపు మేడమ్ మొహంలోకి చూసి, గ్లాసు కింద పెట్టింది. పక్షి పాల వంక చూడనైనా చూడలేదు.

మేడమ్ దాన్ని ఎగాదిగా చూశారు. తెల్లటి ఒళ్ళు, రెక్కల అంచులు నలుపు, మొహం మీద నల్లటి మాస్కు తొడిగినట్టుంది, ముక్కు ఈటెలాగా ఉంది. కాలివేళ్ళు నాలుగూ ఒకే పొరతో కలిసి ఉన్నాయని నాకు చూపించారు. బాతుకైతే మూడు వేళ్ళకే ఉంటుందట. ఏ పక్షి మేడమ్ అని అడిగాను.

"తెలియదయ్యా" అన్నారు, అందరికీ వినబడేలా.

అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేస్తే, దారిలో చెట్లు పడ్డాయి, మీరే అవనిగడ్డ పశువుల ఆస్పత్రికి తీసుకురండి, మేం అక్కడికి వస్తాం అన్నారు. టీ బడ్డీ అతను సాయానికొచ్చి పక్షిని ఎత్తబోతే ముంజేతి మీద పొడిచింది. నెత్తురు బొటబొటా కారింది. అప్పుడు మేడమ్ తన కర్చీఫు తీసి అతనికిచ్చి, ముక్కు మొదలంటా చుట్టి గట్టిగా కట్టెయ్యి నాయనా అన్నారు. టీతో పాటు పీతలూ అమ్ముతాడు, వాటి డెక్కలు కట్టి అలవాటైన చెయ్యి అతనిది. అంత గింజుకునే పీతే విప్పుకోలేని ముడి, ఈ పక్షి ఏం విప్పుకుంటుంది? తువ్వాలు చుట్టి మేడమ్ ఒళ్ళో పెట్టాం. కారు కదిలింది.

మొదట్లో అది తువ్వాలులో కొట్టుకుంది. తర్వాత నెమ్మదించింది. అలవాటు పడిందిలెండి అన్నాను. కోడూరు దాటాక అద్దంలో చూస్తే, మేడమ్ దాని మెడ మీద చెయ్యి వేసుకుని వంగి ఉన్నారు.

"కారు ఆపు" అన్నారు. "ఇది నెమ్మదించడం కాదయ్యా. నాకు ఆయాసం వచ్చినప్పుడు గొంతు ఇలాగే ఎగిరెగిరి పడుతుంది. దీనికి గాలి అందటం లేదు."

ముక్కు మూస్తే నోటితో పీలుస్తాం, నోరు మూస్తే ముక్కుతో పీలుస్తాం. దాని ముక్కు మీద రంధ్రాల కోసం మేడమ్ వేలితో తడిమారు. ఒక పక్క లేదు, రెండో పక్కా లేదు. కొసనుంచి కర్చీఫు దాకా నున్నగా కొమ్ములాగా ఉంది. కర్చీఫు అంచు కిందకి గోరు దూర్చి చూశారు. అక్కడా లేవు. మేడమ్ మొహం పాలిపోయింది.

"అయ్యో, కట్టమన్నది నేనే" అన్నారు.

ముడి రాలేదు. ఉప్పునీటికి తడిసి బిగుసుకుపోయింది. నేను వెనకసీట్లోకి ఎక్కి గోళ్ళతో లాగాను, కారు తాళంచెవి దూర్చి చూశాను. ఊళ్ళోవాళ్ళందరికీ కట్టుగుడ్డలూ కత్తెరలూ అమ్మేవాణ్ణి, నా కారులో ఒక్క బ్లేడు లేదు. పక్షి మెడ వాలిపోయింది. మేడమ్ తల వంచి ముడిని పళ్ళతో పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పుతూ లాగారు. చివరికి కర్చీఫు చిరిగి వచ్చింది. దాని ముక్కు తనంతట తాను తెరుచుకోలేదు. మేడమ్ చూపుడువేలు అడ్డం పెట్టి తెరిచి, అలాగే పట్టుకున్నారు. రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొడుతూ పోయింది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

ఉన్నట్టుండి మేడమ్ "అబ్బా" అన్నారు. పక్షి ఆవిడ వేలు కొరికింది.

"కొరికిందయ్యా. పోనియ్యి, కారు పోనియ్యి" అన్నారు. కళ్ళ నిండా నీళ్ళు. వేలు మాత్రం తియ్యలేదు.

అవనిగడ్డ దాకా ఆ వేలు దాని నోట్లోనే ఉంది. నెత్తురు చీర మీద పడుతూనే ఉంది. దారిలో తనలో తను మాట్లాడుకున్నట్టు చెప్పుకుంటూ వచ్చారు: ఎత్తు నుంచి నిలువునా సముద్రంలోకి దూకి చేపను పట్టే పక్షికి ముక్కు మీద రంధ్రాలుంటే నీళ్ళు లోపలికి కొట్టుకుపోతాయి, అందుకే అవి మూసుకుపోయి ఉంటాయి, గాలంతా నోటి మూలల్లోంచే పీలుస్తుంది. మనం సరిగ్గా ఆ మూలలే మూసేశాం. ఇది మాస్క్‌డ్ బూబీ. నడిసముద్రంలో తిరిగేది, గాలికి కొట్టుకొచ్చింది. ఇవన్నీ బోర్డు మీద రాసి చెప్పాను గానీ, పక్షిని ఇదే చూడటం అన్నారు.

ఆస్పత్రిలో డాక్టరుగారితో మేడమ్ చెప్పిన మొదటి మాట వలదారం గురించి కాదు. "దీని ముక్కు కట్టించింది నేనేనండీ. కాసేపు ఊపిరాడలేదు. వైద్యం చేసేటప్పుడు మీకు తెలిసి ఉండాలి." నేనైతే ఆ ముక్క మింగేసేవాణ్ణి.

పక్షి బతికింది. అటవీశాఖ వాళ్ళు కొన్నాళ్ళు సాకి, వదిలిపెట్టే రోజు మమ్మల్ని పిలిచారు. ఆ పాటికే మేడమ్ పది అడుగులకోసారి ఆగుతున్నారు. అయినా వచ్చారు. పక్షి ఇసుక మీద కూర్చుని ఎంతకీ కదలలేదు. అందరం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాం. ఆ పాల పెద్దావిడ కూడా వచ్చింది. హంస కాదంటారు, అంతేనా అని మేడమ్‌ని అడిగింది. కాదమ్మా, కానీ మీరు దండం పెట్టుకోవడంలో తప్పేముంది అన్నారు మేడమ్. ఆవిడ చేతులు జోడించింది. పక్షి గాలికి ఎదురు తిరిగి, తడబడుతూ నాలుగు అడుగులు పరుగెత్తి లేచింది. అలల మీద చాలాసేపు తెల్లగా కనిపిస్తూనే ఉంది.

ఇవన్నీ తలుచుకుంటూనే మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. చర్చివాళ్ళు పాటలు పాడుతున్నారు. మేడమ్‌కి తెల్ల చీర కట్టి హాల్లో పడుకోబెట్టారు. చూపుడువేలి మీద పక్షి కొరికిన మచ్చ అలాగే ఉంది. ముక్కులో దూది పెట్టారు. నోరు తెరుచుకోకుండా గడ్డం కిందనుంచి నెత్తి మీదకి గుడ్డ కట్టారు. ఆవిడ కర్చీఫే. అందరికీ అలాగే కడతారని నాకు తెలుసు. మా నాన్నకి నేనే కట్టాను. అయినా చూస్తూ ఊరుకోలేకపోయాను.

"ఆ ముడి వదులు చేస్తారా అమ్మా" అని వాళ్ళమ్మాయిని అడిగాను.

ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. పక్షి కొరికిన రోజు చీర మీది నెత్తురు మరకలు ఉతికింది తనే. వంగి, నెత్తి మీది ముడి తనే విప్పింది. మేడమ్ పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి, మధ్యలో వేలు పట్టేంత. ఎవరో పెద్దావిడ మళ్ళీ కట్టబోతే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.