కొంచెం మేత

నాకు అరబీ నేర్పింది మా నానమ్మ, ఎల్బీ నగర్ ఇంట్లో, బియ్యం ఏరుకుంటూ. అక్షరాలు పట్టించింది, చదవడం నేర్పింది. అర్థాల దాకా ఆమెకూ తెలియదు. పెళ్ళయి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక నా బిడ్డను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి ఆ చదువే చెప్పాను. అన్నం తిన్నా, పోయిన కరెంటు వచ్చినా అల్లాహ్‌కు కృతజ్ఞతగా షుక్ర్ అనడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ మాట లోపల ఏముందో ఎవరినీ అడగలేదు.

మదర్సాలో చదువుకున్న మా తోడికోడలు వచ్చాక తెలిసింది. ఒక సాయంత్రం కొత్తపేటలో కొన్న దానిమ్మలు ఒలుస్తూ నా బిడ్డకు చెబుతోంది. షీన్, కాఫ్, రా, ఈ మూడక్షరాలే ఆ మాటకు మూలమైన వేరట. షుక్ర్, షుక్రియా, షాకిర్, మష్కూర్ అన్నీ దాని కొమ్మలేనట. పొదుగు పాలతో నిండిందనడానికీ పాత అరబ్బులు ఆ వేరు నుంచి వచ్చిన మాటే వాడేవారట. కొంచెం మేతకే ఒళ్ళు చేసే పశువును షకూర్ అనేవారట. అల్లాహ్ పేర్లలోనూ అదొకటి: మనం చేసిన కొంచానికే ఎంతో ఇచ్చేవాడు.

ఇక వారమంతా బిడ్డ నోట ఆ పశువే, ఆ తర్వాత పాఠమూ చిన్నమ్మ దగ్గరే. నేను నేర్పినన్నాళ్ళూ అది ఒక్కసారీ అలా కళ్ళు పెద్దవి చేసి వినలేదు. నా కడుపులో మంట నమాజులో కూడా చల్లారలేదు.

బిడ్డ ఖురాన్ పూర్తి చేసే రోజు వచ్చింది. మా ఇళ్ళలో ఆ రోజు నేర్పినామె ఎదురుగా కూర్చుంటుంది. చదవడం అయ్యాక బిడ్డ ఆమెకు కొత్త దుపట్టా కప్పుతుంది.

"చిన్నమ్మ కూసుంటదా అమ్మీ?" అని నా బిడ్డ అడిగింది.

మా అత్త నా ముఖం చూసి, ఎవరు కూసుంటే ఏంది, సదివేది నీ బిడ్డనే గదా అన్నది. సరేనని ఖీర్ కలుపుతూ వంటింట్లోనే ఉండిపోయాను.

చివరి సూరా అయింది. అక్కడితో ఆపకూడదు, ముగింపు మొదటికి కలవాలని వెంటనే మళ్ళీ మొదటి అధ్యాయం ఫాతిహా ఎత్తుకోవాలి. తోడికోడలు చాప మీంచి లేచి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మొదలువెట్టించింది మీరే గదా. మీరొచ్చి కూసోండ్రి."

గరిటె పెట్టేసి వెళ్ళి కూర్చున్నాను. బిడ్డ ఫాతిహా నేను నేర్పినట్టే చదివింది. దుపట్టా నాకే కప్పింది. కాని చదువుతున్నంతసేపూ దాని కళ్ళు నా మీద లేవు. చిన్నమ్మ వింటోందా లేదా అని ఆమె నిలబడ్డ గుమ్మం వైపే చూసింది.

షుక్ర్ అన్నాను, మనస్ఫూర్తిగానే. ఆ కొంచెం మేత మాత్రం ఆ రోజు నాకు చాలలేదు.