నా కడుపులోని సంగతి నాకే దాచారు

దేవునికి స్తోత్రం. ఆయన నన్ను చావు దగ్గర నుంచి వెనక్కి తెచ్చాడు, మనుషులు దాచినది బయటపెట్టాడు. అందుకే ఈ సాక్ష్యం రాస్తున్నాను.

మాది నెల్లికుదురు దగ్గర పల్లె. నేను సండే స్కూల్ చెబుతాను. పెళ్లయిన ఆరేళ్లకు గర్భం నిలిచింది. మూడో నెలలో ఒకరోజు పొద్దున లేచేసరికి వాంతులు లేవు, వికారం లేదు. ఒళ్లంతా ఖాళీ అయినట్టు అనిపించింది. మహబూబాబాద్‌లో స్కాన్ చేయించాం. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి నా భర్తను లోపలికి పిలిచింది.

"అంతా మంచిగనే ఉందట," అన్నాడు ఆయన బయటికొచ్చి. రిపోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం సంఘంలో నిలబడి బిడ్డ కోసం దేవునికి కృతజ్ఞత చెప్పాను. ఎప్పుడూ గట్టిగా ఆమేన్ అనే మా పాస్టరమ్మ, సంఘంలోని అక్కలు తలలు దించుకున్నారు. ప్రార్థనలో ఉన్నారనుకున్నాను.

మూడు వారాలకు, జనగామలో మా అక్క ఇంట్లో ఉండగా చలిజ్వరం, బ్లీడింగ్ మొదలయ్యాయి. అక్క దవాఖానకు తీసుకుపోయింది. కబురు అంది నా భర్త పాత రిపోర్టు పట్టుకొని వచ్చాడు. అక్కడి డాక్టర్ అది చదివి, "మిస్డ్ మిస్‌క్యారేజ్ అని అప్పుడే రాసిన్రు. ఇన్ని రోజులు ఏం చేసిన్రు?" అని అడిగాడు. నేను బిత్తరపోయి చూస్తుంటే ఆ డాక్టరే చెప్పాడు: "అప్పటికే బిడ్డ గుండె ఆగిపోయిందమ్మా. శరీరం బయటికి పంపలేదు, అంతే. నీ తప్పేం లేదు."

నా భర్త వైపు చూశాను.

"పాస్టరమ్మ ఆ మాట నోటితోని అనొద్దన్నది. అంటే అదే ఖాయమైతదట. ప్రార్థన చేస్తే గుండె మల్ల కొట్టుకుంటదన్నది."

"సంఘంల అందరికీ ఎరుకనా?"

"ప్రార్థన చేయించాలె గద."

అక్క రిపోర్టు ఆయన ముందు పెట్టింది. "మరిదీ, దీని మీద పేరు ఎవలది? నీదా, పాస్టరమ్మదా?"



గర్భసంచి శుభ్రం చేసే డి అండ్ సి చేశారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఎనిమిది రోజులు మంచం మీదే ఉన్నాను. పాస్టరమ్మ పండ్లు పట్టుకొని చూడడానికి వచ్చింది.

"నీ విశ్వాసం చెదరొద్దనే చెప్పలే బిడ్డా."

"విశ్వాసం నాది గదమ్మా. నన్నడగకపోతిరి."

బైబిల్లో చూడండి, స్నేహితుడు చనిపోయాడని ప్రభువే శిష్యులకు దాచకుండా చెప్పాడు. సమాధి దగ్గరికి వెళ్లి అతన్ని లేపింది ఆ తర్వాతే.

ఏడాదైంది. ఒంట్లో బాగుంది, సండే స్కూల్ మళ్లీ చెబుతున్నాను. మా దగ్గర 'కడుపు నిలుపుకోలేదు' అంటారు, ఆడదే జారవిడిచినట్టు. నేను మాత్రం మిస్‌క్యారేజ్ అయిందని, నా బిడ్డ నాలోనే చనిపోయిందని చెబుతాను. ఇప్పటికీ నా భర్త 'స్టవ్ బంద్ చేసిన' అని చెప్పినా, నేనే లేచి చూసుకుంటాను.

అక్కలారా, స్కాన్ రిపోర్టు మీ చేతికే తీసుకోండి. డాక్టర్‌ను మీరే అడగండి. జ్వరం, బ్లీడింగ్ ఉంటే ఆ క్షణమే దవాఖానకు బయలుదేరండి, ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

ఇప్పుడు నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, క్షమించానని నోటితో అన్నాను. మనసు ఇంకా అక్కడికి రాలేదు. నీ ముందు అబద్ధమాడలేను, నన్ను నడిపించు. ఆమేన్.